పడుగు రాతలో జపాను మాట

మహబూబ్‌నగర్,
4 ఫిబ్రవరి 1963

అక్కా,

నువ్వూ బావా అత్తమ్మా బాగున్నారని తలుచుకుంటూ నీ చెల్లె ఆండాళు రాస్తున్నది. ఇక్కడ హాస్టలు అన్నంలో రాళ్లు తప్ప నాకు కొత్త బాధలేమీ లేవు.

మా చేనేత శిక్షణ కేంద్రానికి జపాను నుంచి ఒక పంతులమ్మ వచ్చింది. పేరు హిసాకో. మా వంటమ్మ గోవిందమ్మ నోట్లో పడి ఆ పేరు ఇసకమ్మ అయింది. వాళ్ల దేశంలోనూ మనలాగే నూలుకు ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత మగ్గానికి ఎక్కిస్తారట. మనం చిట్కి అంటాం, వాళ్లు కసురి అంటారు. ఏడాదిపాటు ఇక్కడే ఉండి నేర్పుతుంది. మెట్రిక్ పాసైన ఆడపిల్లను నేనొక్కదాన్నే కాబట్టి ఆమె మాట అందరికీ విడమరిచి చెప్పే పని నా మీద పడింది. ఆమెకు వచ్చిన ఇంగ్లీషూ నాకు వచ్చిన ఇంగ్లీషూ కలిపినా ఒక వాక్యం నిండదు. అందుకే నేను జపాను మాటే నేర్చుకోవడం మొదలుపెట్టాను.

వాళ్ల అక్షరాలు చూస్తే ఒక్కొక్కటి ఇల్లు కట్టినట్టు ఉంది. సరే, చెవికి వినబడింది తెలుగులో రాసుకుందామని కూర్చున్నాను. కానీ నా చెయ్యి మన పడుగు రాతలోకి పోయింది! గుర్తుందా అక్కా, నన్ను బడికి పంపి నిన్ను సీలల చుట్టూ నూలు తిప్పే ఆసు దగ్గర కూర్చోబెట్టిన ఏడు నువ్వు అన్న మాట: "నువ్వు బడిల రాత నేర్చుకో, నేను ఇంట్ల రాత పుట్టిస్త." మాటలు కూడా మనమే కట్టుకున్నాం. నిలువు గీతే పడుగు, దాని మీద ముడి ఎక్కడ పడితే అది ఆ అక్షరం. ఆ మాటలు చాలావరకు మరిచిపోయాం. రాత మాత్రం మిగిలింది. ఇప్పుడు నీకు ఈ ఉత్తరం రాస్తున్నది దానితోనే కదా.

విచిత్రం విను. ప్రతి మాటా అచ్చుతోనే ముగియాలని, అచ్చులు ఐదే ఉండాలని నువ్వు నియమం పెట్టావు. జపాను వాళ్లకూ అచ్చులు ఐదే, వాళ్ల మాటలూ దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి. నువ్వు జపాను వాళ్ల కోసమే రాత పుట్టించినట్టుంది. హిసాకో గారికి చూపిస్తే ముచ్చటపడింది. ఇక మన "తొబి" ఉంది చూడు, ముడి ఊడలేదు, గట్టిగా ఉందని చెప్పే మాట. జపానులో తొబి అంటే గద్దట.

మొన్న హిసాకో గారి కత్తెర పోయింది. వెతికి వెతికి చాప కింద దొరకగానే "అత్త! అత్త!" అని అరిచింది. గోవిందమ్మ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చి, "ఏంది బిడ్డా, పిలిచినవ్?" అన్నది. జపానులో అత్త అంటే ఉంది, దొరికింది అని. చెప్పినా గోవిందమ్మ వినలేదు. "అది దొరుకుతె దొరకనీ. నన్ను అత్తా అన్నది. ఇగ నాకు కోడలే" అని ఆ రోజు నుంచి ఆమెకు రెండో వడ్డన ఎక్కువ వేస్తున్నది.

అసలు సంగతి. ఏప్రిల్‌లో ఆడవాళ్ల జట్టు ఒకటి మొదలవుతుంది. ఆసు తిప్పడానికి కాదు, చిట్కి కట్టడానికి. ముగ్గు గీసి లెక్క వేసి ముడి కట్టడం వరకు అంతా నేర్పుతారు. నువ్వు రావాలి. చదవడం రాయడం వచ్చినవాళ్లనే తీసుకుంటారు. నీకు రెండూ వచ్చు.

ఒక సందేహం. మన రాతలో సున్నకు ఏం పెట్టేవాళ్లం? జపాను వాళ్లకు అది అడుగడుగునా కావాలి.

తొబి.
ఆండాళు


(అక్క ఉత్తరాలూ నావిలాగే పడుగు రాతలోవి. తెలుగు అక్షరాల్లోకి నేను దించాను. మాట ఆమెదే. - ఆండాళు)

మోత్కూర్,
13 ఫిబ్రవరి

చెల్లె ఆండాళుకు,

నీ ఉత్తరం ముట్టింది. పోస్టు గుర్వయ్య ఇచ్చుకుంట ఇచ్చుకుంట, "ఏం బాసమ్మా గిది, మొన్ననే చీనోళ్లతోని యుద్ధమాయె, గిట్లాంటి గీతలు సూస్తె నాకే భయమైతాంది" అన్నడు. నువ్వు అడ్రసు రాసిచ్చిన కవర్లు ఉన్నయి గనుక సరిపోయింది. లేకుంటె నా జాబు ఠాణాకే పోతుండె.

సున్నకు నూలు సుట్టే కండె. గుండ్రంగ, నడుమ బెజ్జం. గది గూడ మరిచినవా? బడి సదువు ఎక్కువైతె ఇంటి సదువు జారిపోతది గావచ్చు.

ఇగ కొట్లాట. నా రాతను పరాయి దేశపామెకు సూపెట్టే ముందు నన్ను అడగాల్నా వద్దా? ఇచ్చినందుకు బాధ లేదు. గని ఇది మోత్కూర్ల రాజం పుట్టించింది అని చెప్పినవా? చెప్పకుంటె ఇప్పుడు చెప్పు.

ముడి కట్టుడు నేర్పుతరంటె ఆ పొద్దు నాకు బువ్వ సయించలే. సిన్నప్పటి కాడికెల్లి నేను ఆసు మీద చెయ్యి తిప్పుతున్న. ఈ సీల కాడికెల్లి ఆ సీలకు, ఆ సీల కాడికెల్లి ఈ సీలకు. నూలు నాది, చెయ్యి నాది. ముడి మాత్రం మొగోళ్లే కట్టాలె. ఎందుకని అడుగుతె మా అత్తమ్మ సుగుణమ్మ, "ఆడిది కడితె రంగు పట్టదు" అంటది. నిరుడు మీ బావ జ్వరంతోని పడుకుంటె ఒక రుమాలుకు నేనే కట్టిన. సైకిలు ట్యూబు రబ్బరు పేలికలు పండ్లతోని గుంజి కట్టిన. రంగు పట్టింది. మా అత్తమ్మ దాన్ని మస్తు మెచ్చుకున్నది, కొడుకు కట్టిండనుకొని. నేను నోరు తెరువలే. ఇగ నోరు మూసుకొని కట్టుడు నాతోని గాదు. కట్టింది నేనే అని చెప్పి కట్టాలె.

మీ బావను అడిగిన. "పొయ్యిరా, ఎవలన్న వద్దన్నరా?" అన్నడు. అడిగేటప్పుడు మా అత్తమ్మ బయట ఉండె. లోపటికి రాంగనే ఆయనకు గొంతు పోయింది. అయినా పోత.

జాగ పట్టి పెట్టు. నా దరఖాస్తు గూడ నా రాతల రాసి ఇండ్లనే పెట్టిన.

తొబి.
రాజం


మహబూబ్‌నగర్,
22 ఫిబ్రవరి

అక్కా,

నీ పేరు చెప్పాను. హిసాకో గారు "రాజము సన్", అంటే రాజం గారు, అని రెండుసార్లు పలికి, నీ సున్న కండెలా ఉంటుందని చూపిస్తే చప్పట్లు కొట్టింది. ఆమెకు ళ, ల రెండూ పలకవు. నన్ను "ఆందారు" అంటుంది. నీ పేరే ఆమెకు సులువు.

కానీ ఇంకొకటి కూడా చెప్పాలి. మా సూపరింటెండెంటు రామచంద్రయ్య గారికి నీ దరఖాస్తు ఇచ్చాను. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇవి గీతలమ్మా, రాత కాదు. మీ అక్కయ్యకు చదువు రాదని రాసి వేలిముద్ర వేయించండి. ఆసు తిప్పే పని ఏదైనా ఉంటే చూద్దాం" అన్నారు. నాకు చెవులు వేడెక్కాయి. "సార్, చదవడం రాయడం రావాలని ఉంది కానీ ఏ లిపిలో అని నిబంధనలో లేదు" అన్నాను. ఆయన నవ్వి, "అంత రాత అయితే ఏ మాట చెప్పినా రాయగలగాలి కదా. హిసాకో గారి జపాను మాట రాయమనండి చూద్దాం" అన్నారు. ఎగతాళికి అన్నారు. నేను మాత్రం "అలాగే సార్, పరీక్ష పెట్టండి" అన్నాను.

కాబట్టి కొన్ని సంగతులు చూసుకో. ఒత్తు వచ్చినచోట ఒకే గీత మీద రెండు ముడులు పక్కపక్కన. వాళ్లకు త్సు అని ఒక చప్పుడు ఉంది, దానికి త ముడి మీదే స ముడి. ల ముడి వాడకు, వాళ్లకు అది లేదు. మన రాతలో లేనిది ఒకటే, దీర్ఘం. మనం పలు అన్నా పాలు అన్నా ఒకే తీరుగా రాసి, సందర్భాన్ని బట్టి చదువుకునేవాళ్లం. జపానులో అది కుదరదు. ఒబసన్ అంటే చిన్నమ్మ, ఒబాసన్ అంటే అవ్వ. దీర్ఘానికి నేనొక గుర్తు చేసి రోజూ వాడుతున్నాను. వచ్చినప్పుడు చూపిస్తాను.

ఇంకో ఉపాయం కూడా ఉంది, కోపం తెచ్చుకోకు. ఈ నెలలో తెలుగు ఓనమాలు నేర్చుకోరాదూ? మీ వాడలో చదువుకున్న పిల్లలు ఎవరైనా నేర్పుతారు. అప్పుడు ఈ గొడవే ఉండదు కదా.

తొబి.
ఆండాళు


మోత్కూర్,
3 మార్చి

ఆండాళూ,

కోపం తెచ్చుకోకు అని రాసి కోపమొచ్చే మాటే రాసినవ్.

ఆ సూప్రెండు నాకు రాత రాదన్నడు. ఆయన నన్ను సూడలే, అంటె అన్నడు. నువ్వు నా పక్కన కూసోని, అరుగు మీద బూడిద పోసి, నా వేలు పట్టుకొని ఈ రాత నేర్చుకున్నదానివి. నువ్వు గూడ అదే మాట జర తీపి జేసి అంటున్నవ్. తెలుగు అక్షరాలు మంచియే. నేర్చుకుంట ఎప్పుడన్న. గని ఇప్పుడు నేర్చుకుంటె ఏమైతది? రాజంకు ఇంతకు ముందు రాత రాకుండె, ఇప్పుడొచ్చింది అంటరు. అది అబద్ధం. అబద్ధానికి నేను ఓనమాలు దిద్ద.

ఇంకో మాట. నా రాతకు దీర్ఘం లేదు అని నువ్వే గుర్తు పుట్టించినవా? ఏం గుర్తు? నన్ను అడిగితె నేను చెయ్యనా? నూలుకు ముడి ఒకరు, రంగు ఒకరు ఎయ్యొచ్చు. రాతకు అట్ల గాదు.

ఇక్కడ ఆసు కాడ ఉన్నోళ్లకు నేను నేర్పుతున్న. వాళ్ల పేర్లు వాళ్లే గోడ మీద బొగ్గుతోని రాసుకున్నరు. మా అత్తమ్మ తుడిపేసింది. వాళ్లు మల్ల రాసిండ్రు.

పరీక్ష ఎప్పుడో రాయి. అంతే రాయి. ఉపాయాలు రాయకు.

రాజం


మహబూబ్‌నగర్,
13 మార్చి

అక్కా,

సోమవారం 25న పరీక్ష. రా.

ఆండాళు


మోత్కూర్,
21 మార్చి

ఎవలికి రాయాల్నో తెల్వక రాస్తున్న.

నీ కార్డు సదివిన. మల్ల మల్ల సదివిన. దీపం దగ్గర వెట్టి సదివిన. "అక్క" కింద తోక. "రా" కింద తోక. కింద నీ పేరుకు గూడ తోక. తోకంటె ఏందో నాకు తెల్వదా? ముడి తప్పు పడ్డప్పుడు తోక గీసి "విప్పు, ఇది లేదు" అని రాసుకున్నది మనిద్దరమే గదా. మోత్కూర్ల ఆసు కాడి పోరిలకు గూడ ఎరుకే.

అంటె ఏంది? నువ్వు అక్కవు గాదు. రాకు. నేను నీ ఆండాళును గాను. మెట్రిక్ పాసైన పిల్లకు గీతలు గీసే అక్క ఉంటె నలుగుట్ల నామోషి అయిందేమో. నిన్ను బడికి తోలుమని బాపుతోని కొట్లాడింది నేను. నీ వంతు ఆసు గూడ నేను తిప్పిన. అది నేను దెప్పిపొడుస్తలేను. దెప్పిపొడుస్తనే ఉన్న, అవును.

వద్దంటె ఉండిపోతనని అనుకున్నవేమో. వస్తున్న. నువ్వు పిలిస్తె పరీక్షకు వస్తుంటి. రాకన్నవు గనుక కొట్లాటకు వస్తున్న, అండ్లనే పరీక్ష గూడ ఇస్త. మీ బావ హైద్రాబాదు దాక తోడొస్తనన్నడు. మా అత్తమ్మ తలుపుకు అడ్డం కూసున్నది. ఆమె ఎట్లయినా బువ్వ తినబోవాలె గదా, అప్పుడు వెళ్త.

నీ హాస్టలుల నీళ్లు గూడ ముట్ట.

రాజం


మహబూబ్‌నగర్,
27 మార్చి

అక్కా, నా అక్కా,

ఈ రెండు "అక్క"ల కిందా తోక లేదు, చూసుకో.

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది, నువ్వు వచ్చి వెళ్లిన రెండో నాడు. ఇప్పుడు అర్థమైంది నువ్వు బస్సు దిగి నా వైపు చూడకుండా నడిచింది ఎందుకో, గోవిందమ్మ చెంబుతో నీళ్లిస్తే, "ఈ ఊరి నీళ్లు నాకు పడయి" అన్నది ఎందుకో. నేనేమో ఓనమాల సంగతి ఇంకా కడుపులో పెట్టుకున్నావనుకున్నాను. గోవిందమ్మ, "మీ అక్కకు మస్తు గీర ఉన్నది పో" అన్నది. నాకు ఏడుపొచ్చింది.

అక్కా, ఆ తోకే నేను దీర్ఘానికి పెట్టుకున్న గుర్తు. ముడిని కిందికి సాగదీస్తే దీర్ఘం అనిపించింది. నెల రోజులుగా జపాను మాటలకు అదే పెడుతూ ఉంటే చెయ్యికి అలవాటైపోయింది. "అక్కా"కు దీర్ఘం, "రా"కు దీర్ఘం, "ఆండాళు"కు దీర్ఘం. తోకంటే విప్పు అని మనమే అనుకున్న సంగతి హాస్టలు చదువులో ఎక్కడ పారేసుకున్నానో తెలియదు. నిన్ను అడిగి ఉంటే ఒక్క మాటతో పోయేది. రాతకు ఇద్దరు రంగులు వేయరని నువ్వు అప్పుడే రాశావు. నేను వినలేదు.

అయినా నవ్వొస్తున్నది. రావద్దని చదువుకుని వచ్చినదానివి, రమ్మని చదువుకుని ఉంటే ఎంత వేగంగా వచ్చేదానివో!

అయినవాళ్లు లోపల ఉండకూడదని రామచంద్రయ్య గారు నన్ను వరండాలో నిలబెట్టారు కదా. ఏం జరిగిందో నాకు వినబడలేదు. నీ గొంతు ఒక్కసారి పెద్దగా వినబడింది, అంతే. తర్వాత నన్ను పిలిచి, నీ కాగితం చేతికిచ్చి, "ఇందులో ఏముందో చదవండి. మీరిద్దరూ కలిసి కల్పించిన గీతలైతే ఇక్కడే తేలుతుంది" అన్నారు. కాగితం మీద ఒక గుర్తు నేనెప్పుడూ చూడనిది కనబడింది. ముడి నుంచి నూలు పక్కకు సాగి, ఖాళీ సీల ఒకటి దాటి ఆగింది. కానీ నేనూ ఆసు ఇంట్లో పుట్టినదాన్నే. నూలు ఒక సీల ఎక్కువ దాటితే ఏమవుతుంది? పొడుగవుతుంది. "ఒబాసన్ నో ఇతో వ త్సుయొయి" అని చదివాను. అవ్వ నూలు గట్టిది.

హిసాకో గారు లేచి నిలబడి "అత్త!" అన్నది. సరిపోయిందన్నా కూడా వాళ్లకు అదే మాటట. వంటింట్లోంచి గోవిందమ్మ "ఆ, వస్తున్న బిడ్డా!" అనడం నువ్వూ విన్నావు. నవ్వాపుకోలేక నీ వైపు చూస్తే నువ్వు గోడ వైపు చూస్తున్నావు. వెంటనే బస్సుకు వెళ్లిపోయావు.

నువ్వు వెళ్లాక రామచంద్రయ్య గారు చాలాసేపు నిబంధనల కాగితం చదివారు. లిపి పేరు అందులో ఎక్కడా లేదు. చివరికి, "సరేనమ్మా, మీ అక్కయ్యను చేర్చుకుంటాం. ఒక్కరే కదా. ఈ లోకంలో ఈ రాత చదివే మూడో మనిషి ఎవరున్నారు గనుక!" అన్నారు. ఇంకా నవ్వుతూనే ఉన్నారు, కానీ సంతకం పెట్టారు.

అక్కా, నీకు సీటు వచ్చింది.

లోపల ఏమైందో రాయి. నీళ్లు కూడా తాగకుండా పోయినందుకు నన్ను తిట్టుకోకు. తిట్టుకున్నా ఫరవాలేదు.

తొబి.
ఆండాళు


మోత్కూర్,
5 ఏప్రిల్

నా చెల్లె ఆండాళుకు,

నీ ఉత్తరం సదివి ఆసు కాడ కూసోని ఒక్కదాన్నే నవ్విన. మా అత్తమ్మ, "గాలి సోకిందా ఏంది" అన్నది. ఆ నవ్వుల ఏడుపు గూడ ఉండె, ఆమెకు కనవడలే.

నేను గూడ తప్పు జేసిన. కార్డుల "సోమవారం"కు, "పరీక్ష"కు గూడ తోక ఉండె. సోమవారమే లేదని నువ్వెందుకు రాస్తవు అని ఒక్క గడియ ఆలోచన జెయ్యకపోతి. కోపమొస్తె మనిషి తనకు కావాల్సిన ముడే సదువుతది.

లోపట ఏమైందంటవా. కూసోంగనే ఆ సూప్రెండు సిరా డబ్బి నా ముంగటికి జరిపి, "ముందు హాజరుకు వేలిముద్ర వేయమ్మా" అన్నడు. నేను చెయ్యి ఎనుకకు పెట్టుకున్న. "రాత వచ్చో రాదో సూడనీకె పిలిచిండ్రు. సూడకముందే ఏలెట్ల అడుగుతరు?" అన్న. నీకు వినవడ్డ గొంతు అదే. ఆయన కలం ఇచ్చిండు. పడుగు రాతల రాజం అని రాసిన. ఆయన దాని పక్కన ఏదో ఇంగ్లీషుల రాసుకున్నడు. రాసుకోనీ.

ఆనక ఇసకమ్మ ఒక మాట చెప్పింది. ఒక్క ముక్క సమజ్ గాలే. గని చెవులకు ఎట్ల వచ్చిందో అట్ల కట్టుకుంట పోయిన. "బా" అని సాగదీసిన కాడ చెయ్యి ఆగింది. మన రాతల దానికి ముడి లేదు. నీ తోక యాదికొచ్చి ఒళ్లు మండింది. అప్పుడు ఆసు యాదికొచ్చింది. నూలును ఒక సీల దాటించి ఆపిన. నువ్వు సదువుతవో సదువవో అని ఫికర్ అయింది. నీతోని మాట్లాడుతలేను గని, నువ్వు సదువాలని మనసుల మొక్కుకున్న. సదివినవ్. గోడ దిక్కు ఎందుకు సూసిననుకున్నవ్? నీ దిక్కు సూస్తె కొట్లాట మరిచిపోతనని.

ఇగ సీల దాటిన నూలే దీర్ఘం. జపాను మాటకు గూడ అదే. తోకను తోక పనికే ఉండనియ్యి. ఇసకమ్మకు చెప్పు.

ఇంట్ల ఏమైందంటె, పోయినేడు మెచ్చుకున్న రుమాలు పెట్టెల నుంచి తీసి మా అత్తమ్మ ముంగట పరిచిన. "గిది కట్టింది నేను" అన్న. ఆమె దాన్ని ఎలుగుల పెట్టి సూసింది, బోర్లేసి సూసింది. పొద్దుగాల నా సంచిల రబ్బరు పేలికల మూట కనవడ్డది. మీ బావను అడిగితె, "నాకు తెల్వదు" అన్నడు. ఆయనకు నిజంగనే తెల్వదు.

ఇగ ఆ సూప్రెండు అడిగిన మాటకు జవాబు. ఈ రాత సదివే మూడో మనిషి ఎవలున్నరని గదా ఆయన నవ్విండు? ఈ కాగితం కింద సూడు. ఆసు కాడి ఆడోళ్లు ఎవల పేరు వాళ్లే రాసిండ్రు. కౌసల్య, మైసమ్మ, ప్రమీలమ్మ, శారదమ్మ. కౌసల్య సున్న అవసరం లేని కాడ గూడ ఒక కండె పెట్టింది, సోకు కోసం. వాళ్లందరికీ సదువుడు రాసుడు వచ్చు. ఏ రాతల అని ఆయన కాగితంల లేదు. ఏలు ఎవ్వరం ఎయ్యం.

15 తారీఖు సోమవారం పొద్దుగాలటి బస్సుకు అందరం వస్తున్నం. గోవిందమ్మను నీళ్లు పట్టి పెట్టమను, ఈసారి తాగుత. సూప్రెండు వద్దంటె, వద్దని మా రాతల రాసియ్యమను. మాకు సదువ వస్తది.

తొబి.
రాజం